గట్టు అంచున పిల్‌బాక్స్: గుర్తుపట్టడం, కొలవడం, కూలేలోపు నమోదు చేయడం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఇంగ్లండు తూర్పు తీరంలో, హల్ నగరానికి దగ్గర్లోని హోల్డర్‌నెస్ గట్టు కింద ఇసుకలో ఒరిగిపోయిన కాంక్రీటు గదులు, వరసగా పడి ఉన్న పెద్ద దిమ్మలు కనిపించాయి. గట్టు పైన ఇంకో గది అంచుకు వచ్చేసి ఉంది. అవి ఏమిటి, సముద్రం ఎక్కడినుంచైనా లాక్కొచ్చిందా, ఎలా కొలవాలి, దగ్గరికి వెళ్లొచ్చా, విశాఖ బీచ్‌లో ఉన్నది కూడా ఇలాంటిదేనా?

ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆ గది పిల్‌బాక్స్, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో లోపలి నుంచి తుపాకీ కాల్చడానికి కట్టిన చిన్న కాంక్రీటు గది. సముద్రం దాన్ని ఎక్కడినుంచీ తేలేదు. గది దాదాపు కట్టిన చోటే ఉంది, దాని కింద ఉన్న నేల పోయింది. 1940లో అది గట్టు మీద ఏదో పొలం చివర ఉండేది. హోల్డర్‌నెస్ తీరం సగటున ఏడాదికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు వెనక్కి పోతుంది. ఎనభై అయిదేళ్లకు లెక్కేస్తే సుమారు 130 నుంచి 170 మీటర్లు. చిన్న పిల్‌బాక్స్ కూడా నా లెక్క ప్రకారం 20 టన్నులు దాటుతుంది. అలలు దాన్ని కూలదోస్తాయి, ఇసుకలోకి దించుతాయి, ఒక పక్కకు తిప్పుతాయి, కానీ తీరం పొడవునా మోసుకుపోవు. గట్టుతో పాటు జారేటప్పుడు కొన్ని మీటర్లు సముద్రం వైపు జరుగుతుంది, అంతే. కాబట్టి దాన్ని శిథిలంగా కాక, పొలం గట్టున పాతిన సర్వే రాయిలా చూడండి. నేల ఎంత పోయిందో చెప్పడానికి అక్కడ మిగిలిన గుర్తు అదే.

ఎందుకు కట్టారో రెండు మాటల్లో. 1940 జూన్ 4న ఫ్రాన్సు తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం తరలింపు ముగిసింది, ఇక జర్మన్లు సముద్రం దాటి దిగుతారన్న భయం పట్టుకుంది. సైన్యం తిరిగొచ్చింది గానీ దాని ట్యాంకులు, ఫిరంగులు చాలావరకు ఫ్రాన్సులోనే ఉండిపోయాయి. స్వదేశీ సేనల అధిపతిగా మే నెలాఖరులో వచ్చిన జనరల్ ఐరన్‌సైడ్, తీరం వెంట ఒక పలుచని రక్షణ పొర, దాని వెనుక దేశం లోపల శత్రువును ఆపే రక్షణ వరసలు అన్న పద్ధతి పెట్టాడు. జులైలో అతని స్థానంలోకి వచ్చిన అలన్ బ్రూక్ కదిలే సేనల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నాడు. కానీ అప్పటికే వేసవి అంతా స్థానిక కాంట్రాక్టర్లు కాంక్రీటు పోస్తూనే ఉన్నారు. దేశమంతా కలిపి సుమారు 28,000 పిల్‌బాక్సులు, అలాంటి కట్టడాలు లేచాయని అంచనా. వాటిలో 6,500 దాకా మిగిలాయంటారు.

ఇక గుర్తుపట్టడం. యుద్ధ కార్యాలయంలోని కోటల నిర్మాణ విభాగం 22 నుంచి 28 దాకా నంబర్లతో నమూనాలు పంపింది. 22వ రకం ఆరు సమాన పక్కల గది, ఒక్కో పక్క సుమారు 6 అడుగులు. 24వ రకం కూడా ఆరు పక్కలదే గానీ వెనుక గోడ సుమారు 14 అడుగులు, మిగతా అయిదూ 7 నుంచి 8 అడుగులు. తలుపు ఆ పొడుగు గోడలోనే ఉంటుంది. దేశంలో ఎక్కువగా కనిపించేది ఇదే. 26వ రకం చతురస్రం, పక్క 10 అడుగులు. 28వ రకం ట్యాంకులను కొట్టే చిన్న ఫిరంగి కోసం, గోడలు 42 అంగుళాలు. గోడ మందం తప్పకుండా కొలవండి. 12 అంగుళాల గోడ తూటాను ఆపడానికి, మూడు అడుగులు దాటితే ఫిరంగి గుండును తట్టుకోవడానికి. అది తెలిస్తే అక్కడ ఏ దాడిని ఊహించారో తెలుస్తుంది.

అయితే తీరంలో నమూనా పుస్తకాన్ని అంతగా నమ్మొద్దు. ప్రతి సైనిక ప్రాంతంలోనూ ఇంజినీర్లు తమ సొంత రూపాలు వాడారు. యార్క్‌షైర్ తీరంలో మీకు ఎక్కువగా కనిపించేది పక్కలకు సాగదీసినట్టుండే పొడుగు షడ్భుజం. పొడుగు ముఖం సముద్రం వైపు ఉంటుంది. దక్షిణాన సఫోక్‌లో చతురస్రపు స్థానిక రకం ఉంది. నార్ఫోక్‌లో గుండ్రటి కాంక్రీటు దిమ్మెల గది కనిపిస్తే తొందరపడకండి, అక్కడ మొదటి ప్రపంచ యుద్ధం నాటి గుండ్రటి పిల్‌బాక్సులు కూడా ఉన్నాయి. ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది. పొలంలో నేల మీదికి కాంక్రీటు మూత, చిన్న గాలి గొట్టం మాత్రమే కనిపించి, లోపలికి నిచ్చెన దిగే గది ఉంటే అది అబ్జర్వర్ కోర్ (ఆకాశాన్ని కనిపెట్టి ఉండే స్వచ్ఛంద దళం) వారి గది, అణుయుద్ధ భయం ఉన్న కాలంలో కట్టింది. 1950ల చివర్లో మొదలై 1991 దాకా నడిచినవి అవి. ఈ రక్షణ వరసతో వాటికి సంబంధం లేదు.

తుపాకీ కంతలు ఎటు చూస్తున్నాయో గమనించండి. అన్నీ సముద్రం వైపే ఉంటాయనుకుంటారు, కానీ చాలా పిల్‌బాక్సులు బీచ్ పొడవునా కాల్చేలా పక్కకు చూస్తాయి. దిగిన సైనికుల వరసను పక్కనుంచి కొడితే ఒక్క తుపాకీ చాలా దూరాన్ని కాస్తుంది. అలాంటి గదికి సముద్రం వైపు కంతే ఉండకపోవచ్చు. తలుపు సముద్రం వైపు కనిపిస్తే గది తిరిగిపోయి ఉండాలి, లేదా తలకిందులై ఉండాలి. తలకిందులైందా అని తేల్చడానికి సులువు: కంతలు నేల కన్నా కప్పుకు దగ్గరగా ఉంటాయి. పైకి కనిపించే స్లాబు మీద మట్టి, కంకర అంటుకుని గరుకుగా ఉంటే అది కప్పు కాదు, పునాది. లోపల ఇంగ్లీషు 'వై' ఆకారంలోనో 'టీ' ఆకారంలోనో నిలబడ్డ అడ్డగోడ, ఒక కంతలోంచి దూరిన తూటా గదంతా ఎగిరి తగలకుండా పెట్టింది.

దిమ్మల సంగతి. అవి ట్యాంకులు బీచ్ దాటి పైకి రాకుండా, గట్టు తగ్గి దారి ఉన్న చోట్ల వరసగా పెట్టినవి. బ్రిడ్లింగ్టన్‌కు దక్షిణాన ఫ్రేస్‌థార్ప్ బీచ్‌లో బాగా కనిపిస్తాయి. రెండు కొలతలు ఎక్కువ: మూడున్నర అడుగుల పక్కవి, అయిదు అడుగుల పక్కవి. మొదటిది సుమారు 3 టన్నులు, రెండోది 8 టన్నులు. గట్టు జారినా వరస చాలావరకు వరసగానే దిగుతుంది. అందుకే ఒక్కో దిమ్మను విడిగా కాక మొత్తం వరసను, మధ్య ఎడంతో సహా కొలవాలి. వరసలో ఖాళీ ఉన్న చోట దారి ఉండేదేమో అని పాత ఫొటోలో చూడాలి. దిమ్మ పైన ఇనుప రింగు, పచ్చి కాంక్రీటులో గీసిన తేదీ, బూటు ముద్ర లాంటివి ఉంటే దగ్గరగా ఫొటో తీయండి. ముందు పోయేవి అవే.

బాగా ఆటు ఉన్నప్పుడు ఇసుకలోంచి వరసగా పొడుచుకొచ్చే తుప్పు గొట్టాల మొదళ్లు కనిపించొచ్చు. అది తొమ్మిది అడుగుల ఎత్తున కట్టిన గొట్టాల కంచె మిగులు. పడవలను, ట్యాంకులను ఆపడానికి కట్టింది. ఈత కొట్టేవాళ్లకూ, పడవ నడిపేవాళ్లకూ ఈ మొదళ్లు పిల్‌బాక్సు కన్నా ప్రమాదం.

ఇవి ఎలా విరుగుతాయో తెలియాలంటే ఎలా కట్టారో చూడాలి. హడావుడి పని అది. కొన్నిటికి చెక్కల సెంట్రింగ్ పెట్టారు, ఆ చెక్క గీతలు ఇప్పటికీ గోడ మీద చదవొచ్చు. కొన్నిటికి ఇటుక గోడనే సెంట్రింగ్‌గా కట్టి మధ్యలో కాంక్రీటు పోసి ఇటుకను అలాగే వదిలేశారు. అలలు ఇటుకను ఊడదీస్తే లోపలి కాంక్రీటు మీద ఇటుకల అచ్చు మిగులుతుంది. కంకర, ఇసుక చాలాచోట్ల బీచ్ నుంచే తెచ్చారు. దాంతో ఉప్పు కాంక్రీటులోనే చేరిపోయింది. ఉప్పు చేరితే కాంక్రీటు లోపలి ఇనుప ఊచ తుప్పు పడుతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, పైన ఉన్న కాంక్రీటును పెచ్చులుగా నెట్టేస్తుంది. మరో బలహీనత పోతల మధ్య అతుకు. గోడ ఒక రోజు, కప్పు ఇంకో రోజు పోస్తే ఆ గీత దగ్గర రెండూ పూర్తిగా కలవవు. పడ్డ గదుల్లో కప్పు మూతలా ఊడిపోయి కనిపించేది అందుకే. నమోదులో ఆ గీత ఎత్తు రాయండి, పని ఎన్ని విడతల్లో జరిగిందో దానితో తెలుస్తుంది.

గట్టు ఎలా పోతుందో చాలామంది తప్పుగా ఊహిస్తారు. ఏటా కొంచెం కొంచెంగా అరిగిపోదు. హోల్డర్‌నెస్ గట్టు హిమానీనదం వదిలిన బంకమట్టి, రాళ్లు కలిసిన మెత్తటి గట్టు. శీతాకాలపు వానకు నానుతుంది, అడుగున అలలు తొలుస్తాయి, ఒక రోజు పెద్ద ముక్క వంపు తిరిగి జారుతుంది. మూడేళ్లు ఏమీ పోని చోట ఒకే శీతాకాలంలో ఎనిమిది, పది మీటర్లు పోవచ్చు. దీనికి అక్కడ ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. బీచ్ ఇసుక అన్నిచోట్లా ఒకే ఎత్తున ఉండదు. 'ఆర్డ్' అని పిలిచే పల్లపు పట్టీలు తీరం వెంట ఉంటాయి, అక్కడ ఇసుక తరిగిపోయి అడుగు బంకమట్టి బయటపడుతుంది. పోటు వచ్చిన ప్రతిసారీ అలలు నేరుగా గట్టు మొదలును తాకుతాయి. ఈ పట్టీలు ఏడాదికి సుమారు అర కిలోమీటరు చొప్పున దక్షిణానికి కదులుతాయి. కాబట్టి మీ పిల్‌బాక్స్‌కు ఉత్తరాన కొద్ది దూరంలో పల్లపు పట్టీ కనిపిస్తే, సగటు లెక్క ఏం చెప్పినా దానికి మిగిలిన కాలం తక్కువ. స్థానిక కౌన్సిల్ 1951 నుంచి సుమారు 500 మీటర్లకు ఒక గుర్తు పెట్టి గట్టు వెనకడుగును కొలుస్తోంది. మీకు దగ్గరి గుర్తు లెక్కలు తీసుకుని, సగటుతో పాటు ఒక్క ఏడాదిలో పోయిన అతి ఎక్కువ దూరం కూడా చూడండి. అంచుకు మిగిలిన దూరం ఆ పెద్ద సంఖ్య కన్నా తక్కువైతే ఈ శీతాకాలం లోపే పని ముగించాలి.

జారేటప్పుడు గది మొదట వెనక్కి, అంటే పొలం వైపు ఒరుగుతుంది. వంపు తిరిగి జారే మట్టి ముక్క పైభాగం వెనక్కి వాలడమే దానికి కారణం. కొన్ని నెలలు ఆ ముక్క మీద అలాగే కూర్చుంటుంది. తర్వాత చుట్టూ మట్టి కొట్టుకుపోయాక సముద్రం వైపు ఒరుగుతుంది. మట్టి జారకుండా అడుగు తొలిచి పడితే ముందుకు బోర్లా పడుతుంది. ఒరుగు దిశ చూసి ఏ దశలో ఉందో చెప్పొచ్చు. బీచ్ చేరాక అలలు దాని చుట్టూ ఇసుక తోడేసి గుంట చేస్తాయి, గది అందులోకి దిగుతుంది. ఆ గుంట నీళ్లు పైకి మడుగులా కనిపించినా నడుము లోతు ఉండొచ్చు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి.

నమోదు పని గది ఇంకా గట్టు పైన ఉండగానే చేయాలని గట్టిగా చెబుతాను. కింద పడ్డాక కాంక్రీటు కొలతలు దొరుకుతాయి గానీ, దాని పక్కన ఉన్న కందకం, ముళ్ల తీగ కట్టిన ఇనుప మేకులు, పక్క పిల్‌బాక్స్‌తో కలిసే కాల్పుల గీత అన్నీ మట్టితో పోతాయి. అసలు విలువ ఆ సంబంధంలో ఉంది.

స్థానం: ఫోన్ జీపీఎస్ మూడు నుంచి అయిదు మీటర్ల తేడా చూపిస్తుంది, గట్టు కింద ఇంకా ఎక్కువ. పది నిమిషాల ఎడంతో మూడు నాలుగు రీడింగులు తీసుకుని సగటు వేయండి. బ్రిటిష్ గ్రిడ్ (అక్కడి మ్యాపుల్లో స్థానం చెప్పే అంకెలు) పది అంకెల్లో రాయండి. పైన ఉన్న గది నుంచి గట్టు అంచుకు, వెనుక ఉన్న కదలని గుర్తుకు (రోడ్డు మూల, చర్చి, కంచె మలుపు) టేపుతో దూరం తీసుకోండి. అంచు దగ్గర టేపు పట్టుకుని నిలబడొద్దు. గది వెనుక నుంచే లేజర్ మీటరుతోనో, అందుబాటులో ఉన్న వైమానిక చిత్రంతోనో అంచు దూరం తీయండి.

దిశ: గోడను ఆనుకుని దిక్సూచి చూస్తే తప్పు చెబుతుంది, లోపలి ఊచలు ముల్లును లాగేస్తాయి. ఫోన్ దిక్సూచికీ ఇదే ఇబ్బంది. గోడ గీతలోనే అయిదారు అడుగులు దూరం జరిగి, ఆ గీత వెంట చూసి రీడింగు తీసుకోండి. రెండో కొన నుంచీ తీసుకోండి, రెండింటికీ 180 డిగ్రీల తేడా రాకపోతే ఇంకా దగ్గరగా ఉన్నట్టే. ఒరుగు కొలవడానికి మేస్త్రీ రసమట్టం ఉన్న కోణమానం చాలు, కప్పు అంచు మీద రెండు దిశల్లో పెట్టండి.

ఫొటోలు: త్రిమితీయ నమూనా కావాలంటే గది చుట్టూ మూడు ఎత్తుల్లో తిరగండి, ఒక్కో చుట్టుకు 25 నుంచి 35 ఫొటోలు, పక్కపక్క ఫొటోలు మూడింట రెండు వంతులు ఒకదానిపై ఒకటి రావాలి. మబ్బు రోజు మేలు, నీడలు గోడ వివరాన్ని తినేస్తాయి. సగం తడి, సగం పొడి గోడ నమూనాను చెడగొడుతుంది, కదిలే నీళ్లు ఫ్రేములో ఉన్నా అంతే. మీటరు కర్రలు రెండు ఒకదానికొకటి అడ్డంగా పెట్టండి. ఒక్కటే పెడితే కొలత తప్పిందో లేదో సరిచూసుకోవడానికి దారి ఉండదు. సాధారణ ఫొటోలు కూడా వేరుగా తీయండి: ప్రతి పక్క ఎదురుగా ఒకటి, ప్రతి కంత ఒకటి, తలుపు, అతుకు గీత, ఊచ బయటపడ్డ చోటు. బీచ్ మీద ఉన్నవాటికి ఫిబ్రవరి, మార్చి మంచి సమయం. ఈశాన్య గాలుల తర్వాత ఇసుక దిగిపోయి వేసవిలో కనిపించని అడుగు భాగం బయటికి వస్తుంది.

పాత వైమానిక చిత్రాలు లేకుండా ఈ పని సగమే. 1945–46లో రాయల్ ఎయిర్ ఫోర్స్ దేశమంతా సుమారు 1:10,000 స్కేలులో నిలువు చిత్రాలు తీసింది. అవి స్విండన్‌లోని హిస్టారిక్ ఇంగ్లండ్ ఆర్కైవ్‌లో అడిగితే దొరుకుతాయి. వాటిని నేటి మ్యాపు మీద కూర్చడానికి లోపలి వైపు కనీసం ఆరు కదలని గుర్తులు తీసుకోండి. తీరం వైపు గుర్తులన్నీ పోయి ఉంటాయి కాబట్టి ఆ అంచున పొరపాటు ఎక్కువ, అయిదు మీటర్ల దాకా అనుకోండి. చిత్రంలో దిమ్మలు చుక్కల వరసలా, ముళ్ల తీగ సన్నటి ముదురు గీతలా, కందకం వంకర టింకర గీతలా కనిపిస్తాయి. పిల్‌బాక్స్‌ను దాని నీడతో పట్టాలి, మట్టి దిబ్బ నీడకు మూలలు ఉండవు. 1995 నుంచి 2002 దాకా స్వచ్ఛంద కార్యకర్తలతో నడిచిన డిఫెన్స్ ఆఫ్ బ్రిటన్ పథకం సుమారు 20,000 చోట్లను నమోదు చేసింది, అది ఆన్‌లైన్‌లో ఉంది. ముందు అందులో వెతకండి. అక్కడ ఉన్నా మీ పని వృథా కాదు, ఆనాడు గట్టుపై ఉన్నది ఈనాడు కింద ఉంటే ఆ మార్పే కొత్త సమాచారం.

దగ్గరికి వెళ్లడం గురించి. ఒరిగిన గదిలోకి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరొద్దు. కప్పు అతుకు మీద ఆగి ఉంటుంది, పోటు వస్తే తలుపు ముందు మునుగుతుంది. హోల్డర్‌నెస్‌లో పెద్ద పోట్ల రోజుల్లో నీరు అయిదు మీటర్లకు అటూ ఇటూ లేస్తుంది, గట్టు కింద చాలా చోట్ల పైకి ఎక్కే దారి లేదు. ఆటు ఇంకా దిగుతుండగా వెళ్లి, నీరు మళ్లగానే వెనక్కి బయల్దేరండి. గట్టు మొదట్లో నిలబడొద్దు, వాన పడ్డ మర్నాడు అసలే వద్దు.

మందుగుండు భయం ఊరికే చెప్పేది కాదు. 1940లో బీచ్‌ల నిండా మందుపాతరలు పెట్టారు. నార్ఫోక్‌లోని ట్రిమింగ్‌హామ్‌లో గట్టు జారి వాటిని మట్టి కింద పూడ్చేసింది, పెట్టినప్పటి పటాలు పనికిరాకుండా పోయాయి. చివరికి బలమైన నీటి గొట్టాలతో గట్టునే కడిగి వెతకాల్సి వచ్చింది, ఆ బీచ్‌ను తిరిగి తెరిచింది 1966లో. నార్ఫోక్ తీరాన్ని శుభ్రం చేస్తూ చనిపోయిన 26 మంది రాయల్ ఇంజినీర్లకు పక్కనే మండెస్లీలో స్మారకం ఉంది. మీ హోల్డర్‌నెస్‌లో మ్యాపుల్టన్ దక్షిణాన కౌడెన్ దగ్గర 1998 దాకా వాయుసేన బాంబుల అభ్యాస స్థలం ఉండేది. అది ఇప్పుడు గట్టుతో పాటు బీచ్ మీద పడుతోంది, అక్కడ హెచ్చరిక బోర్డు దాటొద్దు. ఆనాటి స్థానిక స్వచ్ఛంద సేన అయిన హోమ్ గార్డులు పాతిపెట్టిన మంట సీసాలు కూడా ఉంటాయి. సోడా బుడ్డి మూత, లోపల పసుపు ద్రవం. అది తెల్ల భాస్వరం, గాలి తగిలితే అంటుకుంటుంది. ఏ లోహపు గుండ్రటి వస్తువునైనా, ఇలాంటి సీసానైనా తాకకుండా, చోటు గుర్తుపెట్టుకుని, వెనక్కి వెళ్లాక 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ను అడగండి. కాంక్రీటు ముక్క, ఊచ లాంటివి ఇంటికి తెచ్చుకోవద్దు. రక్షిత కట్టడం అయితే మెటల్ డిటెక్టర్ వాడటం కూడా 1979 చట్టం కింద నేరం.

వీటిని కాపాడొచ్చు కదా అని తర్వాత తప్పకుండా అడుగుతారు. ఈ తీరంలో వితర్న్‌సీ, హార్న్‌సీ, మ్యాపుల్టన్, ఈసింగ్టన్ గ్యాస్ కేంద్రం లాంటి చోట్లకే అడ్డుకట్టలు ఉన్నాయి. మిగతా చోట్ల తీర ప్రణాళిక ప్రకారం కోతను అడ్డుకోరు. అడ్డుకట్ట వేస్తే దక్షిణానికి వెళ్లే ఇసుక ఆగి అక్కడి ఊళ్లు ఇంకా వేగంగా పోతాయి. ఒక పిల్‌బాక్స్ కోసం అది న్యాయం కాదని నా అభిప్రాయం. కిల్న్‌సీలో మొదటి యుద్ధం నాటి గాడ్విన్ ఫిరంగి స్థావరం ముక్కలై బీచ్ మీద ఉంది. దాన్ని ఎవరూ నిలబెట్టలేకపోయారు, కానీ పటాలు, ఫొటోలు ఉన్నాయి కాబట్టి ఏ ముక్క ఏ గోడదో ఇవాళ చెప్పగలం. మీ నమోదును హల్‌లోని హంబర్ హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ రికార్డుకు (ఆ ప్రాంతపు చారిత్రక స్థలాల వివరాలు దాచే చోటు) పంపండి. తేదీ, సమయం, ఆటుపోటు స్థితి, గ్రిడ్ సంఖ్య, ఒరుగు, ఫొటోల అసలు ఫైళ్లు ఉంటే చాలు.

విశాఖ సంగతి. అవును, అక్కడి బీచ్‌లోని పిల్‌బాక్స్ కూడా అదే యుద్ధం నాటిది. 1942 ఏప్రిల్ 6న ర్యుజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లో తూర్పు తీరంలో దిగుతారన్న భయం నిజంగా ఉండేది. కానీ తీరం తీరు వేరు. అక్కడ బంకమట్టి గట్టు జారడం కాదు, ఇసుక వచ్చిపోవడం. తీరం వెంట ఇసుక ఏడాది మొత్తం మీద ఉత్తరానికి నడుస్తుంది. 1970లలో కట్టిన ఔటర్ హార్బర్ గోడలు దాన్ని అడ్డుకున్నాయి, అందుకే ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కు డ్రెడ్జర్‌తో ఇసుక పోయాల్సి వస్తోంది. కాబట్టి అక్కడి గదిని చూసి నేల ఎంత పోయిందో లెక్కకట్టకండి. అక్కడ కొలవాల్సింది ఇసుక ఎత్తు. గోడ మీద చెరగని ఒక బిందువు ఎంచుకుని, అక్కడి నుంచి ఇసుక ఎన్ని అంగుళాల కింద ఉందో నైరుతి వానల ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ప్రతి తుపాను వెనుక ఒకసారి కొలవండి. నాలుగు పక్కలా విడిగా రాయండి. సముద్రం వైపు మాత్రమే తగ్గుతుంటే అది గది చుట్టూ అలలు తోడిన గుంట. నాలుగు వైపులా ఒకేలా తగ్గితే బీచ్ మొత్తం దిగుతోందని అర్థం.